మీ ఊళ్ళో వాన పడిందా?

మే నెల రెండో ఆదివారం. మా కథోలిక గుడిలో సాయంత్రం నాలుగింటి తెలుగు పూజలో దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా మేము స్వీకరించే అప్పం, పంచడం అయిపోయింది. చివరి దీవెనకు ముందు ప్రకటనలు చదివే వేళ. ఎప్పుడూ మాలో ఒకరం చదివే ఆ కాగితాన్ని ఆ రోజు ఫాదర్ గారే చేతిలోకి తీసుకున్నారు. మతబోధ చేసే సత్యోపదేశం తరగతులు ఎప్పుడు మొదలవుతాయో చెప్పారు. రెండు పెళ్ళి ప్రకటనలు చదివారు. ఆ తర్వాత గొంతు మార్చకుండానే, "అగ్రపీఠాధిపతి గారు నన్ను ఇంకో విచారణకు పంపుతున్నారు. జూన్ మొదటి వారంలో వెళ్తాను. నా కోసం ప్రార్థించండి" అని, దీవెనకు చేతులు చాచారు. బదులు పలకవలసిన మేము ఒక్క క్షణం నోరు తెరవలేకపోయాము.

ఉదయం కన్నడ పూజకు వెళ్ళినవాళ్ళ నుంచి వార్త అప్పటికే ఫోన్లలో తిరుగుతోంది. అయినా ఆయన నోట వినేదాకా నమ్మబుద్ధి కాలేదు.

మాది బెంగళూరులో కృష్ణరాజపురం వైపు ఒక విచారణ. ఈ మాట తెలియనివారికి చెప్పాలి. పత్రికల్లో విచారణ అంటే కోర్టులో జరిగేది, పోలీసులు చేసేది. మా కథోలికుల తెలుగులో మాత్రం ఒక గుడి, ఆ గుడిని నమ్ముకున్న కుటుంబాలన్నీ కలిస్తే విచారణ. వాటి బాధ్యత చూసే ఫాదర్ గారు విచారణ గురువులు. ఇలాంటి విచారణలన్నిటికీ పైన ఉండేవారు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్). చిన్నప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను గానీ, అందులో యోగక్షేమాలు విచారించడం అనే అర్థం కూడా ఉందని ఈ వీడ్కోలు పనుల్లో దిగాకే నా మనసుకు తట్టింది.

మా విచారణలో కన్నడిగులు, తమిళులు, మలయాళీలు ఎక్కువ. తెలుగువాళ్ళం డెబ్బై కుటుంబాల దాకా ఉంటాము. గుంటూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళమే చాలామంది. కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్ళు కొందరు. కట్టడం పనులకు, కాపలా పనులకు, డ్రైవర్లుగా వచ్చినవాళ్ళు అంతకంటే ఎక్కువ. ఆరేళ్ళ క్రితం ఫాదర్ గారు వచ్చేనాటికి మాకు తెలుగు పూజ లేదు. ఏ భాషలో పూజ జరిగితే ఆ భాషలో వెనక బల్లల మీద కూర్చుని వచ్చేవాళ్ళం. ఆయన కన్నడిగులు. తెలుగు ఒక్క ముక్క రాదు. వచ్చిన మూడో నెలలో మా అందరినీ పిలిచి, "నెలకొక ఆదివారం మీ భాషలో పూజ పెడదాం, నాకు నేర్పుతారా?" అని అడిగారు.

నేర్పే పని నాకు పడింది. తెలుగు లిపి, కన్నడ లిపి అక్కాచెల్లెళ్ళు కాబట్టి అక్షరాలు పది రోజుల్లో వచ్చేశాయి. పలుకుబడి దగ్గరే కష్టం. మేము పాలు అంటే వాళ్ళకు హాలు, మా పులి వాళ్ళకు హులి. ఒత్తులున్న మాట ఎదురైతే చాలు, పూజాగ్రంథంలో ఆ మాట నెత్తిన పెన్సిలుతో చిన్నగా కన్నడ అక్షరాల్లో రాసుకునేవారు. ఆ పుస్తకం నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. నల్లటి అచ్చు వరుసల మధ్య బూడిదరంగు కన్నడ, పుట పుటకీ. మొదటి ఏడాది పుటల్లో కిక్కిరిసినట్టు ఉంటుంది. చివరికి వచ్చేసరికి పుటకు ఒకటో రెండో. ఒక మనిషి మన కోసం ఎంత శ్రమపడ్డారో కొలిచి చూపించే వస్తువు నేను ఇంకొకటి చూడలేదు.

తెలుగు వచ్చాక ఆయన మమ్మల్ని మొదట అడిగే ప్రశ్న ఒకటే ఉండేది. పూజ అయ్యాక గుడి గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని, "మీ ఊళ్ళో వాన పడిందా?" అనేవారు. ఆయనదీ వ్యవసాయం చేసుకునే ఇల్లే. ఊరు వదిలి వచ్చినవాడిని ఉద్యోగం ఎలా ఉందని కాకుండా ఊళ్ళో వాన గురించి అడిగితే లోపల ఏదో తడుస్తుందని ఆయనకు తెలుసు.

ఇక వీడ్కోలు సంగతి.

మొదటి వారమంతా ఒక ఆలోచన చుట్టూనే తిరిగింది. బదిలీ ఆపించాలి. మా యువకులు అగ్రపీఠాధిపతి గారికి లేఖ రాసి సంతకాలు మొదలుపెట్టారు. నేను కూడా సంతకం చేశాను. మా అందరికీ పెద్ద దిక్కు ఒక మాస్టారు ఉన్నారు, ఊళ్ళో మఠం వారి బడిలో పనిచేసి, పదవీ విరమణ తర్వాత కొడుకు దగ్గరికి వచ్చారు. సంతకాల కాగితం ఆయన దగ్గరికి చేరినప్పుడు ఆయన సంతకం చేయలేదు, కోప్పడనూ లేదు. లోపలికి వెళ్ళి శ్రీసభ (కథోలిక సంఘం) ధర్మశాస్త్రం తెచ్చారు. 1983లో రెండో జాన్ పాల్ పోపు గారు ప్రకటించిన గ్రంథం అది. మొత్తం 1752 సూత్రాలు. ఆ చివరి సూత్రం తీసి చూపించారు. ఏదో గొప్ప ముగింపు ఉంటుందనుకుంటే, అది విచారణ గురువుల బదిలీ గురించి! బదిలీ చేసేటప్పుడు న్యాయం పాటించాలి, ఆత్మల రక్షణను కళ్ళ ముందు ఉంచుకోవాలి, శ్రీసభలో అదే సర్వోన్నత శాసనం. ఈ మాటలతో ఆ శాస్త్రం ముగుస్తుంది. "గురుపట్టం నాడు ఆయన తన రెండు చేతులూ పీఠాధిపతి చేతుల్లో పెట్టి విధేయత మాట ఇచ్చారు. ఆ మాటను మనం కష్టం చేయకూడదు" అన్నారు మాస్టారు. ఆ కాగితం అక్కడితో ఆగింది. ఫాదర్ గారి చెవిన పడకముందే ఆగినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే. మన ప్రేమ ఆయనకు బరువు కాకూడదు కదా.

తర్వాత కానుకల చర్చ. కన్నడ సంఘంవారు మైసూరు పేట, శాలువా అన్నారు. తమిళ సంఘంవారు పెద్ద పూలదండ, జ్ఞాపిక అన్నారు. మావాళ్ళు ఉంగరం చేయిద్దామన్నారు. ఫాదర్ గారు కబురు పెట్టారు: బంగారం వద్దు, డబ్బు కవర్లు వద్దు. ఎంతో కొంత ఇవ్వకపోతే మనసు ఒప్పుకోదు కాబట్టి, గుంటూరు బస్సులో మంగళగిరి నూలు తెప్పించి, మా దగ్గరి సిస్టర్ల చేత తెల్లటి స్టోలు, అంటే పూజ చేసేటప్పుడు గురువులు మెడలో వేసుకునే పొడవాటి పట్టీ, కుట్టించాము. క్రిస్మస్, పాస్కా (ఈస్టర్) పండుగల్లో వేసుకునేది తెలుపే. సన్నటి జరీ అంచు, వెనక మెడ దగ్గర చిన్న సిలువ. అంతే. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే దానికి ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమైందనిపిస్తుంది.

అసలైన కానుక మాత్రం ఫిరంగిపురం నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ చెప్పారు. "మా చిన్నప్పుడు మదర్ గారి పండుగకు ఆధ్యాత్మిక పూలగుత్తి కట్టేవాళ్ళం" అన్నారు. అంటే పువ్వులకు బదులు ప్రార్థనలు. ఒకరు ఇన్ని జపమాలలు, ఒకరు ఇన్ని పూజలు, ఒకరు సిలువమార్గం, ఒకరు ఒక పూట ఉపవాసం, ఆ వ్యక్తి కోసం చేస్తామని మాట ఇస్తారు. ఆ లెక్కలన్నీ ఒక అట్టమీద రాసి చేతికిస్తారు. చేతికి అందేది కాగితమే, ఇచ్చేది మాత్రం మన సమయం.

ఆ లెక్కలు కూర్చడానికి నాలుగు ఆదివారాలు కాదు, ఇరవై రోజులే ఉన్నాయి. ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాము. అపార్టుమెంటు కాపలాదారు ఒకాయన, "రాత్రి డ్యూటీలో రెండు గంటల వేళ బాగా నిద్ర వస్తుంది. ఆ వేళకు రోజూ ఒక జపమాల. ముప్పై రాసుకోండి" అన్నారు. కట్టడం పని దగ్గర ఇటుకలు అందించే ఒకావిడ, జపమాలలో ఏ రోజు ఏ దేవరహస్యాలు, అంటే యేసు, మరియమాత జీవితాల్లోని ఏ ఘట్టాలు, ధ్యానించాలో తనకు గుర్తుండదని మొహమాటపడింది. 2002లో వెలుగు దేవరహస్యాలు కూడా చేరి ఇరవై అయ్యాక మాలోనే చాలామంది తడబడతాము. "మంగళవార్త జపం వస్తుందిగా, ఒక్కో ఇటుకకు ఒకటి చెప్పుకుంటాను. ఎన్ని అని రాస్తారో మీ ఇష్టం" అంది. ఎన్ని అని రాయాలో నాకు తోచలేదు. ఆ గడిలో అంకె వేయకుండా ఆవిడ చెప్పిన వాక్యమే రాశాను.

అభినందన పత్రం రాసే పని కూడా నాదే. మొదట రాసింది చించేశాను. సేవాతత్పరులు, కరుణామూర్తి, మహోన్నత వ్యక్తిత్వం. ఏ ఊళ్ళో ఏ ఫాదర్ గారికి చదివినా సరిపోయే మాటలు అవి. మా ఫాదర్ గారు అందులో ఎక్కడా లేరు. అందుకే పూలగుత్తి కోసం వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఇంకొక ప్రశ్న అడగడం మొదలుపెట్టాను: "ఫాదర్ గారు మీకు చేసిన మేలు ఒకటి చెప్పండి."

చెప్పారు. భర్త తాగి కొడుతున్న ఇంటికి మూడు నెలలపాటు ప్రతి శుక్రవారం రాత్రి భోజనం వేళకు వెళ్ళి కూర్చున్నారట, ఒక్క ఉపదేశమూ చేయకుండా. ఆధార్ చిరునామా మారక బడిలో సీటు దొరకని పిల్లవాడి కోసం వరుసలో నిలబడ్డారట. సెప్టెంబరు 8 మరియమాత పుట్టినరోజు పండుగకు మా ఆడవాళ్ళందరినీ శివాజీనగర్ బసిలికాకు తీసుకువెళ్ళి, రథం కదిలేదాకా పక్కనే నిలబడి, గుణదల తిరునాళ్ళు ఎలా జరుగుతాయో చెప్పించుకున్నారట. ఒక అబ్బాయి మాత్రం కళ్ళు దించుకుని, "నేను చెప్పలేను అన్నా. పాపసంకీర్తనంలోని మాట" అన్నాడు. గురువు ఒక్కరికే పాపాలు ఒప్పుకునేది పాపసంకీర్తనం. అక్కడ విన్నది ఆయన ఎవరికీ చెప్పరు. ఒక గురువు చేసిన మంచిలో సగం ఇలాగే ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది. ఆ గోప్యతే దాని విలువ. అభినందన పత్రంలో ఆ సగానికి ఒక ఖాళీ వరుస వదిలాను.

ఇవన్నీ మాస్టారికి వినిపించినప్పుడు ఆయన మళ్ళీ అదే గ్రంథం తెరిచారు. 529వ సూత్రం. విచారణ గురువు తన మందను ఎరిగి ఉండాలి, ఇళ్ళకు వెళ్ళాలి, వాళ్ళ దుఃఖాల్లో పాలుపంచుకోవాలి. పేదలను, బాధల్లో ఉన్నవారిని, ఒంటరివారిని, స్వదేశానికి దూరమైనవారిని ప్రత్యేకంగా వెతుక్కుంటూ వెళ్ళాలి. స్వదేశానికి దూరమైనవారు అన్న చోట మాస్టారు ఆగారు. పారిష్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి కూడా పరాయిచోట కాపురం ఉండటమనే అర్థం ఉందట. మేము ఈ దేశంవాళ్ళమే, పక్క రాష్ట్రంవాళ్ళమే. అయినా ఆ మాట వినగానే ఎవరి గురించి రాశారో మాకు తెలిసిపోయింది.

పత్రంలో ఇంకొక చిన్న సంగతి కూడా చేర్చాను. ఒక పీఠాధిపతి కింద ఉండే విచారణలన్నీ కలిస్తే మేత్రాసనం. గుంటూరు మేత్రాసనం, బెంగళూరు మేత్రాసనం రెండూ 1940లోనే ఏర్పడ్డాయి. ఒకే ఏట పుట్టిన ఇద్దరు తోబుట్టువుల్లో ఒకరి బిడ్డలను ఇంకొకరు పెంచారని రాశాను. రాసిన వాక్యాలన్నిటిలో నాకు బాగా నచ్చినది అదే.

నా సంగతి మాత్రం పత్రంలో రాయలేదు. ఇక్కడ చెప్తాను.

మూడేళ్ళ క్రితం ఆషాఢంలో మా నాన్నగారు ఇక్కడే ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటెన్సివ్ కేర్‌లో ఆరో రోజు. రాత్రి ఒంటిగంటన్నరకు డాక్టర్లు ఇక ఆశ లేదన్నారు. ఫాదర్ గారికి ఫోను చేయాలా, పొద్దున దాకా ఆగాలా అని నేను తటపటాయిస్తుంటే మా అమ్మే చేసింది. ముప్పావుగంటలో స్కూటరు మీద వచ్చారు, జోరువానలో. రెయిన్‌కోటు విప్పి, చేతులు కడుక్కుని, జేబులోంచి బొటనవేలంత వెండి డబ్బీ తీశారు. లోపల నూనెలో నానిన దూది. పవిత్రవారంలో పీఠాధిపతి గారు ఆశీర్వదించి విచారణలన్నిటికీ పంపే నూనె అది. నాన్నగారి నుదుటి మీద, రెండు అరచేతుల మీద అద్ది, తెలుగులో ప్రార్థన చెప్పారు. ఆ జపం చూసి చదవలేదు, కంఠస్థం. ఎప్పుడు నేర్చుకున్నారో నాకు తెలియదు, నేను నేర్పలేదు.

అంతా అయ్యాక వెళ్ళిపోలేదు. నాన్నగారి చెవి దగ్గరికి వంగి, "పెద్దాయనా, మీ ఊళ్ళో వాన పడిందా?" అని అడిగారు.

ప్రతి నెలా గుడి గుమ్మం దగ్గర ఆ ప్రశ్నకు నాన్నగారి జవాబు ఒకటే: "పడింది గానీ పదును చాలలేదు ఫాదర్ గారూ." పత్తి వేసే రైతుకు విత్తనం పదునుకు మించిన చింత ఉండదు. ఆ రాత్రి నోట్లో గొట్టం ఉంది. కళ్ళు తెరవలేదు. కానీ దుప్పటి మీద కుడిచెయ్యి కదిలింది. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా తెచ్చి, మధ్యలో రవ్వంత సందు ఉంచి చూపించారు. కొంచెమే పడింది అని.

అదే ఆయన మాతో చెప్పిన చివరి మాట. తెల్లవారుజామున పోయారు. అంబులెన్సు మా ఊరు చేరేసరికి అక్కడి గురువులు గుడి తలుపులు తెరిచి, గంట కొట్టించడానికి మనిషిని పెట్టి సిద్ధంగా ఉన్నారు. ఎవరు ఫోను చేశారో అడగవలసిన అవసరం లేకపోయింది.

వీడ్కోలు పూజ నాలుగు భాషల్లో జరిగింది. భాషకు అయిదు నిమిషాలు. నేను పత్రంలో ఇళ్ళల్లో విన్నవి మాత్రమే చదివాను, పేర్లు లేకుండా. ఖాళీ వరుస దగ్గరికి వచ్చినప్పుడు, "ఇక్కడ ఒక వరుస ఖాళీగా ఉంది, అది మీకే తెలుసు" అని ఆగాను. గుడిలో చప్పుడు లేదు. ఫాదర్ గారు తల వంచుకున్నారు. తర్వాత స్టోలు మెడలో వేశాము, పూలగుత్తి అట్ట చేతికిచ్చాము. ఆయన మైకు ముందు మాట్లాడింది రెండు నిమిషాలే. పూజ తర్వాత మాత్రం ఆ అట్టను పందిట్లో నిలబడి మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివారు. కాపలాదారును వెతికి పట్టుకుని, "రెండు గంటలకు కదా? నేనూ ఆ వేళకు ఒక్కోసారి మేలుకుంటాను. ఇద్దరం కలిసి చెప్పుకుందాం" అన్నారు. ఇటుకల ఆవిడ వాక్యం దగ్గర చాలాసేపు ఆగారు.

మర్నాడు సామాను సర్దడానికి నేను సెలవు పెట్టి వెళ్ళాను. రెండు సూట్‌కేసులు, నాలుగు పెట్టెల పుస్తకాలు. ఆరేళ్ళకు అంతే. బల్ల మీద కొత్త ఫాదర్ గారికి అప్పగించవలసినవి వరుసగా పేర్చి ఉన్నాయి. జ్ఞానస్నానాల పుస్తకం, పెళ్ళిళ్ళది, మరణాలది, ఆ పక్కన లెక్కల పుస్తకాలు, తాళాలు. పెన్సిలు కన్నడ ఉన్న పూజాగ్రంథం కూడా అక్కడే ఉంది. అది తీసుకువెళ్ళమని నేను బతిమాలాను. "నాకు ఇక వచ్చేసింది కదా. ఆయన కూడా కన్నడవారే, పనికొస్తుంది" అన్నారు.

చివరగా చేత్తో రాసిన రెండు కాగితాలు నాకిచ్చి, టైపు చేసి ఉంచమన్నారు. నెల మొదటి శుక్రవారం ఇళ్ళకు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్ళవలసిన ముసలివారి, రోగుల జాబితా. ప్రతి పేరు ఎదుట చిరునామా, ఒక చిన్న సూచన. తలుపు తీయడానికి ఆలస్యమవుతుంది, తొందరపడవద్దు. ఎడమ చెవి వైపు మాట్లాడాలి. మింగలేరు, చిన్న ముక్క చాలు. కొడుకు ప్రస్తావన తేవద్దు. పదిహేడో పేరు మా అమ్మది. మోకాళ్ళ వల్ల ఈ మధ్య గుడికి రాలేకపోతోంది. ఆ పేరు ఎదుట ఇలా ఉంది: "తెలుగులో మాట్లాడాలి. ఊళ్ళో వాన గురించి అడగాలి."

టైపు చేస్తూ ఆ వరుస దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను.

జూలై మొదటి శుక్రవారం ఉదయం కొత్త ఫాదర్ గారు మా ఇంటికి వచ్చారు. చిన్న వయసు. గుమ్మంలో చెప్పులు విడిచి, మడత పెట్టిన కాగితం ఒకసారి చూసుకుని, జేబులో పెట్టుకుని, అమ్మ కుర్చీ ముందు వంగారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "అమ్మా, మీ ఊళ్ళో వాన పడిందా?" అన్నారు.

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పడింది ఫాదర్ గారూ. పదును చాలలేదు. ముందు మీరు కూర్చోండి."